రష్యన్ పూల టీపాట్ ఇంటికొచ్చిందా? కడిగే ముందు పువ్వు మీద వేలు పెట్టి చూడండి

మా ఇంట్లో ఒక రష్యన్ టీపాట్ ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో అక్కడ పనిచేసిన సోవియట్ ఇంజనీర్లలో ఒకాయన తిరిగి వెళ్ళిపోతూ మా పెదనాన్నగారి చేతిలో పెట్టి వెళ్ళాడు. తెల్లటి పింగాణీ, పొట్ట మీద గులాబీలు, మూత చుట్టూ బంగారు గీత. పాతికేళ్ళు అద్దాల బీరువాలో బొమ్మల కొలువు బొమ్మల పక్కన కూర్చుంది, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి క్షేమంగానే ఉంది. తర్వాత ఒక పండక్కి మా పిన్ని దాన్ని దించి, నల్లబడిందని చింతపండూ స్టీలు పీచూ పెట్టి ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. బంగారు గీత సగం సింకులోకి పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట. పిన్నిని అనడానికేం లేదు, ఆ బంగారం పైపైనే ఉంటుందని మాలో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్ళిన పిల్లలు సెలవులకొస్తూ అమ్మకో అమ్మమ్మకో ఇలాంటివి తెస్తున్నారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతున్నాయి. వచ్చిన మొదటి గంటలోనే దాన్ని పాడుచేసే అవకాశం ఎక్కువ. అందుకే చేతికి రాగానే ఏం చేయాలో వరసగా రాస్తున్నా.

దానికంటే ముందు పేరు సంగతి. మనవాళ్ళు దీన్ని కెటిల్ అంటారు, ఆ పేరే కొంప ముంచుతుంది, కెటిల్ కదా అని ఎవరో ఒకరు పొయ్యి మీద పెట్టేస్తారు. రష్యన్‌లోనూ ఇదే ఇబ్బంది, నీళ్ళు కాచేదాన్నీ టీ నానబెట్టేదాన్నీ రెండిటినీ ‘చాయ్నిక్’ అనే అంటారు, అందుకే పింగాణీ దానికి ‘జవారొచ్నీ చాయ్నిక్’ అని ముందు ఒక మాట తగిలిస్తారు, అంటే ఆకు నానబెట్టే చాయ్నిక్ అని. పింగాణీ టీపాట్‌ని గ్యాస్ మీద పెట్టకూడదు, ఇండక్షన్ మీద పెట్టినా ఉపయోగం లేదు. ఇంట్లో అందరికీ ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచండి, వంటమనిషితో సహా.

మొదటి పని: రంగు ఎక్కడుందో కనిపెట్టడం

చేతులు శుభ్రంగా తుడుచుకుని, కింద మెత్తటి తువ్వాలు పరిచి, టీపాట్‌ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టండి. కళ్ళు మూసుకుని వేలికొనతో తెల్ల భాగం మీద నుంచి పువ్వు మీదకి మెల్లగా జరపండి. తెలుపు ఎక్కడ అయిపోయిందో పువ్వు ఎక్కడ మొదలైందో వేలికి తెలియకపోతే, అంతా అద్దంలా ఒకటే నునుపుగా ఉంటే, రంగు గ్లేజు కింద, అంటే పైనుండే గాజులాంటి పూత కింద ఉంది. పువ్వు దగ్గరికి రాగానే సన్నటి గట్టులాంటిది తగిలితే రంగు గ్లేజు పైన ఉంది. వేలికి తెలియకపోతే టీపాట్‌ని వంచి వెలుతురు దాని మీద జారేలా చూడండి. పైన వేసిన రంగయితే పువ్వు మెరుపు వేరుగా, తెలుపు మెరుపు వేరుగా కనబడుతుంది.

ఇది ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే అది తయారయ్యే తీరు కొంచెం తెలియాలి. పింగాణీని ముందు దాదాపు 900 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు, అప్పుడది బిస్కెట్‌లా గరుగ్గా ఉండి తడిని పీల్చుకుంటుంది. దాని మీద బొమ్మ వేసి, గ్లేజు ద్రావణంలో ముంచి, మళ్ళీ 1350 డిగ్రీల పైచిలుకు వేడిలో కాలిస్తే గ్లేజు కరిగి గాజులా బొమ్మను కప్పేస్తుంది. ఇక ఆ బొమ్మకి మన స్టీలు పీచు తగలదు. చిక్కేమిటంటే అంత వేడిని తట్టుకునే రంగులు చాలా తక్కువ, వాటిలో పెద్దన్న కోబాల్టు, అంటే ముదురు నీలం. ఎరుపు, గులాబి, పసుపు లాంటివి చాలావరకు ఆ మంటలో నిలబడవు. అందుకే ఎర్ర గులాబీలు కావాలంటే గ్లేజు వేసి కాల్చేసిన తర్వాత పైన రంగు వేసి, 800 డిగ్రీల చుట్టుపక్కల మూడోసారి తక్కువ వేడిలో కాలుస్తారు. బంగారం కూడా అంతే, ఇంకా తక్కువ మంట మీద, అన్నిటికంటే చివర్న.

అంటే వేలు పెట్టకముందే కంటితో ఒక అంచనాకు రావచ్చు. ఒక్క నీలం మాత్రమే ఉందంటే బహుశా రంగు లోపలే. ఎరుపు, గులాబి రంగు, పసుపు, బంగారం ఉన్నాయంటే దాదాపు ఖాయంగా పైన. రెండూ కలిసినవీ ఉంటాయి, నీలం కింద, బంగారం పైన. అలాంటప్పుడు బలహీనమైనదాన్ని బట్టే నడుచుకోవాలి, అంటే బంగారం ఎలా చెబితే అలా.

నీలం ఒక్కటే ఉన్నవాటిలో మనదాకా ఎక్కువగా వచ్చేది గ్జెల్. మాస్కోకి ఆగ్నేయంగా 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెల గుంపు అది, అక్కడి మట్టి పని శతాబ్దాల నాటిది. ఇప్పుడు మనం చూస్తున్న నీలి గ్జెల్ మాత్రం రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో మళ్ళీ ఊపిరి పోసుకున్నది, అలెగ్జాండర్ సల్తికోవ్ అనే కళా చరిత్రకారుడు, నతాల్యా బెస్సరబోవా అనే చిత్రకారిణి కలిసి అక్కడి పనివాళ్ళకి పాత కుంచె పట్టు మళ్ళీ నేర్పారు. అక్కడి పనిలో నాకు భలే నచ్చేదొకటి ఉంది. బిస్కెట్‌ని, అంటే గ్లేజు వేయకముందు ఒకసారి కాల్చిన పింగాణీని, ఫుక్సిన్ అనే గులాబి రంగు నీళ్ళలో ముంచుతారు, కంటికి కనబడని సన్నటి పగుళ్ళుంటే అక్కడ రంగు ముదురుగా పట్టి బయటపడిపోతుంది, తర్వాత బట్టీలో ఆ గులాబి రంగు కాలిపోతుంది. ఇంకోటి, కోబాల్టు కుంచె మీద ఉన్నప్పుడు నీలంగా ఉండదు, మసి కలిపినట్టు నల్లగా ఉంటుంది. వేసే మనిషి ఆ నలుపులోనే రేపటి నీలాన్ని, ఎక్కడ ముదురు ఎక్కడ లేత అన్నది ఊహించుకుంటూ వేయాలి.

రెండో పని: చేత్తో వేసిందా, అంటించిందా

దీనికి ఒక భూతద్దం కావాలి, లేదంటే ఫోన్ కెమెరా బాగా జూమ్ చేసినా చాలు. అంటించిన బొమ్మయితే, అంటే డెకాల్ అయితే, దగ్గరగా చూసినప్పుడు పాత న్యూస్‌పేపర్ ఫోటోలోలాగా చిన్న చిన్న చుక్కలు కనబడతాయి. పువ్వు చుట్టూ పలచటి పొర అంచు కనబడొచ్చు. ఒకే గులాబీ టీపాట్ మీద రెండు చోట్ల అచ్చు గుద్దినట్టు, ఆకు మీద మచ్చతో సహా అలాగే ఉందంటే అది కుంచె పని కాదు. చేత్తో వేసిందాంట్లో ఏ రెండు రేకులూ ఒకలా ఉండవు, రంగు ఒకచోట చిక్కగా నిలిచి ఇంకోచోట పలచబడి ఉంటుంది, కుంచె వెంట్రుకల గీతలు కనబడతాయి. సగం సగం రకం కూడా ఉంది, గీతలు అచ్చు వేసి రంగు చేత్తో నింపినవి, వాటిలో రంగు అక్కడక్కడా గీత దాటి పొర్లుతుంది.

గ్జెల్ గులాబీని గుర్తుపట్టడం నేర్చుకుంటే మిగతావి సులువు. వెడల్పు కుంచెకి ఒక పక్కనే ఎక్కువ రంగు తీసుకుని, నొక్కి, తిప్పుతారు. ఒక్క తిప్పుకి ఒక రేకు, ఆ రేకులోనే ఒక అంచు దాదాపు నలుపు, రెండో అంచు నీళ్ళలాంటి లేత నీలం. దీన్ని వాళ్ళు నీడ కుంచెగీత అంటారు. మన పండగ ముగ్గులో అలవాటైన చెయ్యి పిండిని వేళ్ళ మధ్య నుంచి ఎంత వదలాలో అంతే వదులుతుంది చూడండి, అలా. చెరిపి మళ్ళీ వేయడానికి లేదు, బిస్కెట్ రంగుని వెంటనే పీల్చేస్తుంది కాబట్టి.

రంగురంగుల పూలున్నదయితే దూల్యొవో పేరు వినండి. 1832లో తెరెంతీ కుజ్నెత్సోవ్ మొదలుపెట్టిన కార్ఖానా, మాస్కోకి తూర్పున. అక్కడ ‘అగాష్కా’ అని ఒక పద్ధతుంది, ముందు గీతలేమీ గీసుకోకుండా నేరుగా కుంచెతో బొద్దు గులాబీలు వేసేయడం. మొహమాటం లేని రంగులు, మన పెళ్ళి పందిరి కాగితపు పూలలాగా. కొందరికి ఇది నాటుగా అనిపిస్తుంది, నాకైతే రాజభవనం సరుకు కంటే ఇదే ఇష్టం. ఎర్రటి లేదా నీలం పొట్ట మీద తెల్లటి గుండ్రం, ఆ గుండ్రంలో గులాబీ గుత్తి ఉన్న టీపాట్‌లు ఇంకో రకం. ఇవి ఎక్కువగా మధ్య ఆసియా చాయ్‌ఖానాల కోసం చేసినవి, ఫ్రాన్సిస్ గార్డ్‌నర్ అనే ఇంగ్లీషు వ్యాపారి 1766లో మాస్కో దగ్గర వెర్బిల్కీలో పెట్టిన కార్ఖానా పేరుతో అఫ్గానిస్తాన్ దాకా వెళ్ళాయి. ఆ కార్ఖానా 1892లో కుజ్నెత్సోవ్‌ల చేతికొచ్చింది. ఆ పేరుకి ఎంత గిరాకీ అంటే నకిలీలూ అంతే ఉన్నాయి, కాబట్టి గార్డ్‌నర్ అని చెప్పి ఎవరైనా పెద్ద ధర అడిగితే అక్కడే ఆగండి.

తిరగేసి అడుగు చూడండి

మూత పక్కన పెట్టాకే తిరగేయండి. నవ్వకండి, సగం మూతలు పగిలేది ఇక్కడే.

రష్యన్ అక్షరాలు రాకపోయినా కొన్ని గుర్తులు పట్టేయొచ్చు. ఇంగ్లీషు సీసీసీపీ లాగా కనబడితే అది సోవియట్ యూనియన్ పొట్టి పేరు, 1991కి ముందుది. మూడు అక్షరాలు, మొదటిది గుడారంలా, రెండోది గుండ్రానికి నిట్టనిలువుగా పుల్ల గుచ్చినట్టు, మూడోది మన 3 అంకెలా ఉంటే అది ఎల్‌ఎఫ్‌జెడ్, అంటే లెనిన్‌గ్రాడ్‌లోని లొమొనొసోవ్ పింగాణీ కార్ఖానా. 1744లో ఎలిజబెత్ మహారాణి హయాంలో, ద్మిత్రీ వినొగ్రాదోవ్ అనే ఆయన రష్యాలో పింగాణీ గుట్టు ఛేదించిన చోటు అదే. 1925లో లొమొనొసోవ్ పేరు పెట్టారు, 2005లో మళ్ళీ ఇంపీరియల్ అని పాత పేరుకి వెళ్ళిపోయింది. ఆ మూడక్షరాల గుర్తు గీసింది, నీలం వలలాంటి గీతల మధ్య బంగారు చుక్కలుండే వాళ్ళ ప్రసిద్ధ ‘కోబాల్టు వల’ డిజైన్ తెచ్చింది ఒకావిడే, అన్నా యాత్స్‌కెవిచ్. ఆ వల డిజైన్‌కి 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అది పూల డిజైన్ కాదు గానీ రష్యన్ టీపాట్ అనగానే చాలామంది చూపించేది అదే కాబట్టి చెప్తున్నా, అందులో నీలం గ్లేజు కింద, బంగారం పైన.

సోవియట్ కాలం సరుకు మీద సాధారణంగా గుర్తు రంగే నాణ్యత చెప్పేది, ఎరుపు మొదటి రకం, నీలం రెండు, ఆకుపచ్చ మూడు. కొన్నిటికి అడుగునే ధర అచ్చువేసి ఉంటుంది, రూబుళ్ళు కొపెక్కులతో సహా, ఎందుకంటే ధర ప్రభుత్వమే ఖరారు చేసేది. మాదాని మీద రెండో రకం ముద్ర ఉంది. పెదనాన్నగారు ఆ సంగతి తెలియకుండానే వెళ్ళిపోయారు, తెలిసినా పట్టించుకునే మనిషి కాదు.

టీ పోసే ముందు పరీక్షలు

చీకటి గదిలోకి తీసుకెళ్ళి ఫోన్ టార్చ్ వెలుతురు లోపలికి వేయండి. మంచి పలచటి పింగాణీ అయితే పొట్టంతా లాంతరులా వెలుగుతుంది, పగులుంటే గీతలా కనబడుతుంది. వెలగకపోతే పాడైందని కాదు, మందంగా చేసినవీ, పింగాణీ కాని మట్టి సరుకూ వెలగవు. తర్వాత అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో మెల్లగా కొట్టండి, ఖంగుమంటే మంచిది. చచ్చిన చప్పుడొస్తే ఎక్కడో చీలిక ఉంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసేది ఇదే.

ఇంకా అనుమానముంటే గోరువెచ్చటి నీళ్ళు నింపి టిష్యూ కాగితం మీద ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కాగితం తడిగా ఉంటే ఆ టీపాట్‌కి రిటైర్‌మెంట్ ఇచ్చేయండి, వేడి టీ నిండుగా ఉన్నప్పుడు పిడి ఊడిపోతే ఎవరి కాళ్ళ మీద పడుతుందో చెప్పలేం. గ్లేజు మీద సాలెగూడులా సన్నటి గీతలు కనబడుతుంటే అదీ అలంకారానికే. టీ ఆ గీతల్లోకి దిగి గోధుమరంగు మరకవుతుంది, ఇక వదలదు.

ఇంకొక సంగతి, పాత టీపాట్ కాబట్టి చెప్పక తప్పదు. గ్లేజు పైన వేసే పాత రంగుల్లో సీసం, కొన్ని ఎరుపు పసుపుల్లో కాడ్మియం ఉండొచ్చు. మామూలుగా బొమ్మ బయట ఉంటుంది, లోపల అంతా తెల్ల గ్లేజు, టీ రంగుకి తగలదు కాబట్టి ఫర్వాలేదు. కానీ కొమ్ము లోపల, మూత లోపల రంగు వేసి ఉన్నా, పువ్వు రంగు పొడిగా రాలుతున్నా అందులో టీ కాచొద్దు. నిమ్మరసం టీపాట్‌లో ఎప్పుడూ పిండొద్దు, కప్పులోనే. పులుపుకి రంగు కరుగుతుంది.

చివరగా మామూలు నీళ్ళు నింపి వంచి చూడండి. మూత మీద చిన్న బొక్క ఉంటుంది, అది గాలి కోసం, అందులో మైనమో మురికో ఇరుక్కుంటే టీ గుటుక్ గుటుక్‌మని ఆగి ఆగి వస్తుంది. మూత లోపలి అంచుకి ఒక చిన్న నాలుక ఉండొచ్చు, దాన్ని కొమ్ము వైపో పిడి వైపో తిప్పి పెడితే వంచినప్పుడు మూత పడిపోదు. ఈ నాలుక లేనివీ చాలా ఉన్నాయి, అప్పుడు ఎడమ చేతి వేలు మూత మీద ఉండాల్సిందే.

ఇప్పుడు టీ

రష్యన్ పద్ధతి మనకి కొత్తేమీ కాదు, ఫిల్టర్ కాఫీ తాగే ఇంట్లో పుట్టినవాళ్ళకి మరీ సులువు. వాళ్ళు టీపాట్‌లో టీ చేయరు, డికాషన్ చేస్తారు. దాన్ని ‘జవార్కా’ అంటారు. కప్పులో కొంచెం డికాషన్ పోసి మిగతాది వేడినీళ్ళతో నింపుకుంటారు, ఎవరికి ఎంత ఘాటు కావాలో వాళ్ళే కలుపుకుంటారు. పాత రోజుల్లో వేడినీళ్ళు సమోవార్ నుంచి, అంటే నీళ్ళు కాచే కుళాయి ఉన్న పెద్ద లోహపు పాత్ర నుంచి, టీపాట్ ఆ సమోవార్ నెత్తి మీద కూర్చుని వెచ్చగా ఉండేది. అందుకే అవి చిన్నవి, అర లీటరు అటూ ఇటూ. మీకొచ్చింది రెండు మూడు లీటర్లు పట్టే బాన పొట్టదయితే అది డికాషన్ కోసం కాదు, బల్ల మీద వేడినీళ్ళు పెట్టుకోవడానికి సెట్‌లో ఇచ్చేది.

నీళ్ళ సంగతి ముందు. హైదరాబాద్ బోరు నీళ్ళతో చేస్తే టీ మీద తెట్టు కడుతుంది, రంగు మబ్బుగా వస్తుంది. ఫిల్టర్ నీళ్ళు వాడండి.

నీళ్ళు మరిగేలోపు టీపాట్‌ని వెచ్చచేయాలి. ఏసీ గదిలో బీరువాలోంచి తీసినదాంట్లో తెర్లే నీళ్ళు పోస్తే టప్‌మనే అవకాశముంది. ముందు గోరువెచ్చటి నీళ్ళు, ఒక నిమిషం తర్వాత ఇంకొంచెం వేడివి పోసి చుట్టూ తిప్పి పారబోయండి. ఇప్పుడు ఆకు వేయండి, అర లీటరు టీపాట్‌కి ఐదారు చెంచాలు. డికాషన్ కదా, భయపడకండి. తెర్లుతున్న నీళ్ళు సగానికి పోసి మూత పెట్టి, రెండు నిమిషాలాగి మిగతాది నింపండి. మూత గట్టుకి ఒక వేలెడు దిగువన ఆపండి, నిండుగా పోస్తే వంచినప్పుడు మూత కింద నుంచి కారుతుంది. పైన మందపాటి తువ్వాలు కప్పండి. రష్యన్ ఇళ్ళల్లో దీనికోసం పెద్ద గౌను వేసుకున్న బట్ట బొమ్మ ఉంటుంది, ఆ గౌను టీపాట్ మీద గొడుగులా కూర్చుంటుంది. మన దగ్గర పాత స్వెటర్ చెయ్యి కత్తిరించి తొడిగినా పనైపోతుంది, మా ఆవిడ అదే చేసింది.

ఐదు నుంచి ఏడు నిమిషాలు. అంతకంటే ఎక్కువైతే చేదు. తర్వాత కప్పులో నాలుగో వంతు డికాషన్, మూడు వంతులు వేడినీళ్ళు. చక్కెర కప్పులో వేసుకోవచ్చు, లేదంటే పలుకు పంటి కింద పెట్టుకుని దాని మీదుగా టీ జుర్రుకోవచ్చు, రష్యాలో అదీ ఒక పద్ధతి. పండ్ల పాకం చిన్న పళ్ళెంలో వేసుకుని చెంచాతో నాలుక మీద పెట్టుకుంటూ తాగడం ఇంకోటి. నేను ఉసిరి మురబ్బాతో ప్రయత్నించా, బాగుంది. సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగడం కూడా అక్కడ పాత అలవాటే, మా తాతగారొక్కరే అలా తాగుతారనుకునేవాణ్ణి.

ఏ టీ పొడి వాడాలి అన్నదానికి నా జవాబు సూటిగా ఉంటుంది, ఆకు టీ. మనం రోజూ వాడే డస్ట్ వేస్తే కొమ్ము మొదట్లో ఉండే చిన్న బొక్కలు మూసుకుపోతాయి, తర్వాత పుల్లలు పెట్టి పొడుస్తూ కూర్చోవాలి. డార్జిలింగ్, అస్సాం, నీలగిరి ఏదైనా సరే. సోవియట్ కాలంలో అక్కడివాళ్ళు దుకాణంలో వెతుక్కుని మరీ కొన్నది మన టీనే, పెట్టె మీద ఏనుగు బొమ్మ ఉండేది, ‘ఏనుగు టీ’ దొరికిందంటే ఆ రోజు పండగే. అంటే ఈ టీపాట్‌కి మన ఆకు అలవాటే.

పాలు? టీపాట్‌లో పాలు పోయకండి. మీగడ బొక్కల్లో గడ్డకడుతుంది, కొమ్ము లోపల వాసన పడుతుంది, అక్కడికి బ్రష్ సరిగా చేరదు. పాల టీ కావాలంటే కప్పులో సగం డికాషన్, సగం చిక్కగా మరగబెట్టిన పాలు. ఇరానీ చాయ్ హోటల్లో డికాషన్ విడిగా, పాలు విడిగా ఉంచి కప్పులో కలుపుతారు కదా, ఆ లెక్కే. రష్యన్లు చూస్తే ఏమనుకుంటారో అని టెన్షన్ పడకండి, టీ మీది, పాలు మీవి. అల్లం, యాలకులు మాత్రం పాలల్లో వేసి మరిగించండి, టీపాట్‌లో వేస్తే ఆ వాసన వారం రోజులుంటుంది.

మిగిలిన డికాషన్ రాత్రంతా ఉంచకండి. మన వాతావరణంలో పొద్దుటికి దాని మీద పొర కడుతుంది, లోపల మరక కూడా అప్పుడే పడుతుంది.

కడగడం

ఇక్కడ మళ్ళీ మొదటి పరీక్షకి రావాలి. రంగు గ్లేజు కిందే ఉండి, బంగారం లేకపోతే మీకు స్వేచ్ఛ ఎక్కువ. మెత్తటి స్పాంజి, రెండు చుక్కల సబ్బు, ఏమీ కాదు. అయినా స్టీలు పీచు వద్దు, గ్లేజు మీద గీతలు పడితే మెరుపు పోతుంది.

రంగు పైన ఉంటే గోరువెచ్చటి నీళ్ళు, అరచేయి, అంతే. సింకు అడుగున తువ్వాలు పరిచి కడగండి, జారినా పగలదు. డిష్‌వాషర్ వద్దు, ఒక్కసారికి ఏమీ కాదనిపిస్తుంది, ఇరవై సార్లకి గులాబీ వెలిసిపోతుంది. బంగారం ఉంటే మైక్రోవేవ్‌లో అసలు పెట్టొద్దు, నిప్పురవ్వలు వస్తాయి. గిన్నెలు తోమే పొడి, బ్లీచింగ్, చింతపండు, బూడిద ఇవేవీ దగ్గరికి రానివ్వొద్దు. మా ఇంట్లో అంట్లు తోమే సింకు దగ్గరికి దీన్ని అసలు వెళ్ళనివ్వం, తాగినవాళ్ళే అక్కడికక్కడే కడిగి బోర్లించాలి.

లోపల టీ మరకకి వంటసోడా ఒక చెంచా వేసి వేడినీళ్ళు పోసి అరగంట ఉంచండి, తర్వాత మెత్తటి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. తెల్లటి ఉప్పు పొర అయితే నిమ్మ ఉప్పు అర చెంచా, పావుగంట చాలు, బయట పూల మీద ఒలకకుండా పోయాలి, ఒలికితే వెంటనే కడిగేయాలి. కొమ్ముకి పాలసీసా నిపిల్ కడిగే సన్న బ్రష్ సరిగ్గా సరిపోతుంది. ఇనుప తీగ పెట్టి పొడవొద్దు.

కడిగాక మూత పెట్టేయకండి, రెండు మూడు గంటలు తెరిచే ఉంచండి. తడి లోపల ఉండగా మూత పెట్టి బీరువాలో పెడితే, మన వానాకాలంలో, తెరిచినప్పుడు పాత గోనెసంచి వాసన వస్తుంది. దాచేటప్పుడు మూతకీ పొట్టకీ మధ్య ఒక కాగితం ముక్క పెడితే ఆ అంచులు ఒకదాన్నొకటి కొరుక్కోవు. ఎత్తేటప్పుడు పిడి పట్టుకుని ఎత్తడం మానేయండి, పొట్ట కింద చెయ్యి పెట్టాలి, పిడి అతికించిన రెండు చోట్లే మొదట వదులయ్యేది.

రష్యా నుంచి తెచ్చేవాళ్ళకి, పగిలినవాళ్ళకి

మాస్కోలో ఇజ్మాయిలోవో బజారుకి వెళ్తే కొత్తవీ పాతవీ కుప్పలుగా ఉంటాయి. అక్కడ పైన చెప్పిన వేలు పరీక్ష, కణుపుతో కొట్టడం, మూత పెట్టి తీయడం మూడూ చేయండి, అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు. వేరే టీపాట్ మూత తెచ్చి పెట్టారేమో చూడండి, తెలుపులో తేడా కనబడుతుంది, ఒకటి నీలం కలిసిన తెలుపు, ఇంకోటి పాలమీగడ తెలుపు. బాగా పాత వస్తువులు దేశం దాటించడానికి రష్యాలో నిబంధనలున్నాయి, కాబట్టి పాతదైతే కాగితాలేం కావాలో కొనకముందే కనుక్కోండి, కొత్తదైతే బిల్లు దాచుకోండి. చెక్ ఇన్ సామానులో వేయకండి. లోపల సాక్సులు కుక్కి, కొమ్ము చుట్టూ ఒకటి, పిడి సందులో ఒకటి చుట్టి, మూత విడిగా టోపీలో పెట్టి, అన్నీ కలిపి చేతి బ్యాగులో తెచ్చుకోండి.

పగిలితే ఎక్కడ పగిలిందన్నదే ప్రశ్న. మూత మీది బుడిపె ఊడితే సూపర్ గ్లూతో అతికించి వాడుకోవచ్చు, టీ తగలదు కాబట్టి. కొమ్ము చివర చిన్న పెచ్చు లేస్తే చాలా సన్నటి నీటి కాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, పదును పోయేదాకా రుద్ది, బాగా కడిగి వాడండి, పెదవికి తగిలేది కాదు కదా. పొట్టో పిడో పగిలితే మాత్రం ఏ జిగురుతో అతికించినా టీ పోయొద్దు, వేడికీ తడికీ జిగురు మెత్తబడుతుంది. మూత పోయినా టీపాట్ పోయినట్టు కాదు, సరిపడే చిన్న సాసర్ ఒకటి బోర్లించి పైన తువ్వాలు కప్పితే డికాషన్ అలాగే దిగుతుంది. మాదాని మూత పోయిన సంక్రాంతికి పిల్లల చేతిలో రెండు ముక్కలైంది, అప్పటి నుంచి స్టీలు సాసర్‌తోనే నడుస్తోంది, వంచేటప్పుడు వేలు కాలుతుంది కాబట్టి ఒక గుడ్డ ముక్క పిడికి కట్టి ఉంచాం.